మనవలనెత్తిన ప్రణయం

నిలువురాళ్ల సందున 1945 నుంచి 1743 నాటి స్కాట్లండ్‌లోకి జారిన ఒక నర్సు అక్కడి యోధుణ్ణి మనువాడే ‘ఔట్‌ల్యాండర్’ చారిత్రక ప్రణయమాలను డయానా గాబల్డన్ 1991లో ఆరంభించగా, ఏడేళ్లు నిరీక్షింపజేసి 2021లో వెలువడిన తొమ్మిదవ సంపుటంలో కత్తులకూ కౌగిళ్లకూ కాచుకున్న పాఠకులలో పలువురికి, దాదాపు తొమ్మిది వందల పేజీల పొడవునా, ఇల్లు కట్టుకోవడం, తేనెటీగలతో మాట్లాడడం, మనవల ముచ్చట్లే ఎక్కువగా కనిపించాయి.

‘తరువాయి భాగం’ అనగా, తొలి భాగంలో సుఖంగా ఒకటైన జంటను మళ్లీ కష్టపెట్టి, ఆ కష్టానికి పాఠకుని చేతనే వెల కట్టించే సాహిత్య ప్రక్రియ.

పాలమూరు సీమలో అమరచింత సంస్థానానికి రాజధానిగా వెలిగిన ఆత్మకూర్ ఈ తరువాయి భాగాల బాధ ఎరుగదు. ఆ సీమకు చెందిన కాకతీయుల నాటి వీరుడు గోన గన్నారెడ్డిని అడివి బాపిరాజు ఒక్క నవలతో సరిపెట్టినందున, గన్నారెడ్డికి నేటికీ మోకాళ్ల నొప్పులు లేవు, ఆ నవలా నాయిక అన్నాంబికకు మనవల అల్లరీ లేదు. కృష్ణాతీరాన ముడుమాల్‌లోనూ నిలువురాళ్లున్నాయి గాని, వాటి సందున ఏ నర్సూ కాకతీయుల కాలానికి జారిన దాఖలా లేదు.

తొమ్మిదవది చప్పగా ఉందని తేల్చిన పాఠకులే, పదవది ఎప్పుడని ఆరా తీస్తున్నారు.