గాజుబుడ్డికి జాతకం

మళ్ళీ మొదలైంది. ఆంప్లిఫయర్ ట్యూబుల భక్తులను అడిగితే, ఈఎల్34 వెచ్చగా ఉంటుందట, కేటీ88కి కండబలం ఎక్కువట, 6ఎల్6 నిజాయతీగా పలుకుతుందట, ఈఎల్84 చలాకీదట. 300బి దగ్గరికొచ్చేసరికి మాత్రం మాటలు చాలక కళ్ళు మూసుకుంటారు. పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చిన మేనత్తలు కూడా ఇంత ధైర్యంగా గుణగణాలు చెప్పరు. పాతకాలపు ఫక్కీలో కొత్త ఆంప్లిఫయర్ ఏది వచ్చినా దాని వెంట ఇలాంటి గుణపట్టిక ఒకటి వస్తోంది. కొనేవాడు ముందు తన స్వభావమేమిటో తేల్చుకుని, దానికి కుదిరే ట్యూబును వెతుక్కోవాలి. వీణ వినేవాడికి ఒకటి, డప్పు వినేవాడికి ఇంకొకటి. ఒక గాజుబుడ్డి, లోపల శూన్యం, కాస్త లోహపు రేకు, రెండు మూడు తీగచుట్టలు, అంతే సరుకు. దీనికి స్వభావం ఎప్పుడు అబ్బిందో, ఎవరు బారసాల చేశారో తెలియదు గానీ, ఆ స్వభావాన్ని శంకించినవాడికి చెవులు లేవని మాత్రం తీర్పు వచ్చేసింది.

ట్యూబుల మధ్య తేడా లేదని నేననడం లేదు. చాలానే ఉంది, అదంతా డేటాషీట్‌లో అచ్చయి ఉంది. 2ఎ3 ఒక్కటే పనిచేస్తే మూడున్నర వాట్లు, 300బి అయితే ఎనిమిది. డైనాకో స్టీరియో 70లో ఈఎల్34 జత చానల్‌కు 35 వాట్లు ఇస్తుంది, మెకింటాష్ ఎంసీ275లో కేటీ88 జత 75 ఇస్తుంది. ట్యూబు లోపలి నిరోధం 300బికి ఏడెనిమిది వందల ఓములు, పెంటోడ్‌గా వాడిన ఈఎల్34కి పదిహేను వేలు. వీటిని చూసుకునే ఇంజనీరు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిస్తాడు, ఫీడ్‌బ్యాక్ ఎంత పెట్టాలో లెక్క వేస్తాడు, పవర్ సప్లై కడతాడు. స్పీకర్ దాకా చేరేది ఈ ఉమ్మడి కుటుంబమంతా కలిసి చేసిన పని. అందులోంచి ట్యూబును ఒక్కదాన్ని బయటికి లాగి, ఈ తీయదనమంతా దీనిదే అనడం పులుసు రుచి గరిటెకు కట్టబెట్టడమే.

సాక్ష్యం కోసం దూరం పోనక్కర్లేదు, వాళ్ళు పూజించే పాతకాలంలోనే ఉంది. కేటీ66 సంగతి చూడండి. ఇంజనీరు విలియమ్సన్ 1947లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ప్రచురించిన సర్క్యూట్‌లో దాన్ని ట్రయోడ్‌గా కట్టాడు. 1953లో వచ్చిన క్వాడ్ 2 ఆంప్లిఫయర్‌లో పీటర్ వాకర్ అదే కేటీ66ని టెట్రోడ్‌గానే ఉంచి, కేథోడ్‌ను ట్రాన్స్‌ఫార్మర్‌లోని వేరే చుట్టకు కలిపాడు. ఈ రెండింట్లో కేటీ66 సొంత గొంతు ఏది? ఈఎల్34 సంగతి ఇంకా తేలిక. దాని స్క్రీన్ గ్రిడ్‌ను చిన్న రెసిస్టర్‌తో యానోడ్‌కు కలిపితే చాలు, పదిహేను వేల ఓములు వెయ్యి చుట్టుపక్కలకు పడిపోతాయి. ఒక్క తీగ మార్చగానే మారిపోయేదాన్ని స్వభావమంటారా? అదే ఆంప్లిఫయర్‌లో ఈఎల్34 పీకి కేటీ88 పెట్టి పోల్చి చూశామంటారు. ట్రాన్స్‌ఫార్మర్ మొదటిదాని కోసం చుట్టింది, బయాస్ మారిపోయింది, శబ్దం అర డెసిబెల్ పెరిగిందో తగ్గిందో ఎవరూ కొలవలేదు. పైగా పాతవి చల్లారి కొత్తవి వేడెక్కేదాకా మధ్యలో పదినిమిషాల విరామం. ఆ పదినిమిషాలూ వెనకటి ధ్వనిని చెవిలో చెక్కుచెదరకుండా నిలుపుకున్నారట. అంత ధారణ ఉన్నవాళ్ళు ట్యూబులు మార్చుకుంటూ కూర్చోవడమెందుకు, అవధానం చేసుకోవచ్చు.

అసలు నాకు ఒళ్ళు మండేది జాతకాల దగ్గర. పాత మల్లార్డ్ ఈఎల్34 అడుగువైపు గాజు మీద సన్నని అక్షరాల్లో రెండు వరుసల కోడ్ ఉంటుంది. మొదటి వరుస ఆ రకంలో ఎన్నో మార్పో చెబుతుంది: ఎక్స్‌ఎఫ్1, ఎక్స్‌ఎఫ్2, ఎక్స్‌ఎఫ్3, ఇలా. రెండో వరుసలో ఫ్యాక్టరీకి ఒక అక్షరం (బి అంటే ఇంగ్లండ్‌లోని బ్లాక్‌బర్న్), సంవత్సరానికి ఒక అంకె, నెలకు ఒక అక్షరం, వారానికి ఒక అంకె. ఏ సరుకు ఎప్పుడు తయారైందో తెలియడానికి ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టుకున్న లెక్క అది. వీళ్ళ చేతిలో పడి జన్మకుండలి అయింది. భూతద్దం పట్టి, టార్చి వేసి, పుట్టిన ఊరు, ఏడు, నెల, వారం రాసుకుని, ఎక్స్‌ఎఫ్2 అయితే రాజయోగమనీ, ఎక్స్‌ఎఫ్4 అయితే ఫరవాలేదు గానీ కాస్త కుజదోషం ఉందనీ ఫలం చెబుతున్నారు. ఏడాదికి ఒకటే అంకె గనక ఏ దశాబ్దమో తేలదు. దానికి మళ్ళీ గోత్రమూ ప్రవరా చూడాలి: లోపలి గెట్టర్ రింగు ఒకటా రెండా, అడుగు దిమ్మ గోధుమరంగా నలుపా. ఇంత చూసినవాళ్ళు టెస్టర్‌లో పెడితే అందులో ప్రాణం ఎంత మిగిలి ఉందన్న సంగతి చిట్టచివర చిన్న అక్షరాల్లో చెబుతారు, అదీ అడిగితే. అరవై ఏళ్ళ కిందట పుట్టి, ఎక్కడెక్కడో వెలిగి అరిగిపోయిన ముసలిదానికి నక్షత్రం మంచిదని స్వయంవరం!

జాతకం కుదరనివాళ్ళకు దత్తత సౌకర్యమూ ఉంది. ఇవాళ కొత్తగా అమ్ముడుపోతున్న ‘మల్లార్డ్’ బ్లాక్‌బర్న్ ముఖం చూడలేదు. ‘టంగ్‌సోల్’ అమెరికాలో పుట్టలేదు, ‘గోల్డ్ లయన్’ లండన్‌లో పుట్టలేదు. ఈ మూడు పేర్లతోనూ వచ్చేవి వోల్గా ఒడ్డున సరతోవ్‌లోని ఒకే ఫ్యాక్టరీ పిల్లలు, ఆ పేర్ల మీద హక్కు న్యూయార్క్‌లోని ఒకే కంపెనీది. లోపలి కట్టుబడిలో రకానికీ రకానికీ తేడాలుంటాయి, అవి చెడ్డ ట్యూబులని కూడా నేననను. కానీ ఒకదాంట్లో ఇంగ్లిష్ తేనె, ఇంకొకదాంట్లో అమెరికా చురుకు రుచి చూసి వర్ణిస్తున్నవాళ్ళను ఏమనాలి? 2022 మార్చిలో రష్యా ఎగుమతుల నిషేధం వార్త రాగానే ఇంగ్లిష్ తేనె, అమెరికా చురుకు, లండన్ సింహం మూడింటికీ ఒకేసారి కరువొచ్చింది. తరువాత సరఫరా మళ్ళీ మొదలైంది. గుణపట్టికలో ఒక్క విశేషణమూ మారలేదు.

ఇక నవ్వడం నావల్ల కాదు. ఇది దగా. ‘వింటేజ్ ధ్వని’ పేరుతో అమ్ముతున్నదాన్ని చూస్తే ఆ కాలం ఇంజనీర్లు తల దించుకుంటారు. హెరాల్డ్ లీక్ 1945లో తన ఆంప్లిఫయర్‌కు ‘పాయింట్ వన్’ అని పేరు పెట్టింది ధ్వనిలో చేరే వంకరను, అంటే డిస్టార్షన్‌ను 0.1 శాతానికి దించాడు గనక. విలియమ్సన్ పట్టుబట్టిందీ ఆ మెట్టు కోసమే. హెరాల్డ్ బ్లాక్ 1927లో బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టిన, ఔట్‌పుట్‌లో కొంత వెనక్కి పంపి తప్పు దిద్దుకునే నెగటివ్ ఫీడ్‌బ్యాక్ లేకపోతే ఇది జరిగేది కాదు. ఇవాళ దాన్నే అంటరానిదాన్ని చేసి ‘జీరో ఫీడ్‌బ్యాక్’ అని బోర్డు కట్టుకున్నారు. ట్యూబు వినిపించకూడదని, పాట మాత్రమే వినిపించాలని వాళ్ళు బతుకంతా తంటాలు పడితే, ట్యూబు వినిపించడమే ఘనత అని వీళ్ళు వాళ్ళ పేరు మీదే వ్యాపారం చేస్తున్నారు. ఫీడ్‌బ్యాక్ లేని ఒంటి 300బి పూర్తి శక్తి దగ్గర ఐదు శాతం దాకా డిస్టార్షన్ ఇస్తుంది, అంటే లీక్ లెక్కకు యాభై రెట్లు. తీయదనమని పేరు పెట్టింది దీనికే. అందులో ఎక్కువ భాగం రెండో హార్మోనిక్, అంటే అదే స్వరం పై స్థాయిలో పలకడం, కాబట్టి చెవికి ఇంపుగా ఉంటుందని ఒప్పుకుంటాను. ఒంటి స్వరానికైతే సరే. పది వాద్యాలు కలిసినచోట ఆ వంకరే ఒక స్వరాన్ని ఇంకొకదానితో గుణించి, ఏ రాగంలోనూ లేని స్వరాలు పుట్టిస్తుంది.

కొలతలన్నీ చెప్పలేవు, చెవి చెబుతుంది అంటారు. సరే, చెవినే అడుగుదాం, కళ్ళకు గంతలు కట్టి. 1985లో ఆంప్లిఫయర్ల తయారీదారు బాబ్ కార్వర్ ‘స్టీరియోఫైల్’ పత్రికవాళ్ళకు సవాలు విసిరాడు. వాళ్ళు ఎంచుకున్న ఖరీదైన ఆంప్లిఫయర్ ధ్వనిని తన చవక ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయర్‌లో దింపుతానన్నాడు. వాళ్ళు వాల్వులదాన్నే, అంటే ట్యూబులదాన్నే, ఎంచుకున్నారు. రెండింటికీ ఒకే సంకేతం ఇచ్చి, బయటికొచ్చే తేడాను కొలుస్తూ, ఆ తేడా దాదాపు మాయమయ్యేదాకా సర్క్యూట్‌ను సవరించాడు. పత్రికవాళ్ళు విన్నారు, ఏది ఏదో చెప్పలేకపోయారు. అంటే వాళ్ళు మెచ్చిన ధ్వని గాజులో లేదు. ‘అయితే వాల్వు ఆంప్లిఫయర్‌కు తనదంటూ ఒక ధ్వని ఉన్నట్టేగా?’ అనవచ్చు. ఉంది, మంత్రమేమీ కాదు. ఎనిమిది ఓములని రాసి ఉన్న స్పీకర్ నిజానికి అన్ని స్వరాల దగ్గరా ఎనిమిది ఓములుండదు. ఒకచోట ఐదుకు దిగుతుంది, ఇంకోచోట ముప్ఫైకి ఎక్కుతుంది. ఆంప్లిఫయర్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ రెండు మూడు ఓములుంటే ఆ ఎత్తుపల్లాలన్నీ పాటలోకి దిగుతాయి, రెండు మూడు డెసిబెల్స్ మేరకు. ఎవరి స్పీకర్‌ను బట్టి వారికి తయారయ్యే టోన్ కంట్రోల్ అది. స్పీకర్ తీగలో రెండు ఓముల రెసిస్టర్ పెడితే చాలావరకు అదే వస్తుంది. రెసిస్టర్ మీద ఎక్స్‌ఎఫ్2 అని రాసి ఉండదు, అదే ఇబ్బంది.

300బితో సినిమాహాళ్ళే నిండాయంటారు. నిజమే, 1930ల్లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కొద్దిపాటి వాట్లతో హాళ్ళు నింపింది. తెర వెనక నిలువెత్తు హారన్ స్పీకర్లు ఉండేవి మరి, ఒక్క వాటుకే వంద డెసిబెల్స్ దాటించేవి. ఇవాళ్టి అలమారా స్పీకర్ ఒక వాటుకు 86 ఇస్తుంది. ఉన్న ఎనిమిది వాట్లూ దానికి ధారపోస్తే మీటరు దూరంలో 95, సోఫా దగ్గర ఇంకా తక్కువ. మృదంగం మీద గట్టి దెబ్బ పడిందంటే ఆ ధ్వని తల తెగుతుంది. ఆ తెగినదానికి ‘మృదుత్వం’ అని గుణపట్టికలో చోటుంది. రెండు వందల గంటలు వెలిగిస్తే గానీ ట్యూబు నోరు విప్పదన్న నియమాన్ని వదిలేస్తున్నాను. ఆలోపు సరుకు వాపసు గడువు ముగుస్తుందని మాత్రం గుర్తుంచుకోండి.

సరదా పడేవాడి మీద మీకెందుకింత కడుపుమంట అని అడిగితే, సరదా మీద మంటేమీ లేదు. చీకటి గదిలో ఆ నారింజరంగు వెలుగు అందంగా ఉంటుంది, దానికే డబ్బిచ్చానన్నవాడికి దండం పెడతాను. రోహిణి కార్తెలో బెజవాడలో కూర్చుని నాలుగు కేటీ88లు వెలిగించుకునేవాడి భక్తిని శంకించేదేముంది, వాటి హీటర్లకే నలభై వాట్లు. కానీ గుణపట్టికలో ‘వేదిక’ అని ఒక గడి ఉంటుంది, గాయకుడు ఎక్కడ నిలబడ్డాడో, వయొలిన్లు ఎటు కూర్చున్నాయో ఏ ట్యూబు ఎంత బాగా చూపిస్తుందని. దాన్ని 1957 నాటి ‘మాయాబజార్’ పాటకు పట్టించి చూడండి. అది మోనో రికార్డింగు. ఘంటసాలా లీలా ఇద్దరి గొంతులూ ఒకే బిందువు నుంచి వస్తాయి. పైగా ఆ పాట మైకు దగ్గర మొదలుకుని రికార్డింగు దాకా ఎన్నో వాల్వులు దాటి, ప్రతిచోటా మచ్చ పడకూడదని చూసుకున్న మనుషుల చేతుల మీదుగా వచ్చింది. దానికి ఇంట్లో ఇంకో ఐదు శాతం డిస్టార్షన్ చేర్చి ఆనాటి అసలు ధ్వని ఇదేనంటే, నెగటివ్‌కు పసుపు పూసి కలర్ సినిమా అన్నట్టుంది. అనుమానముంటే ఈసారి కొట్టుకు వెళ్ళినప్పుడు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ ఎన్ని ఓములు, ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఎంత అని అడగండి. అమ్మేవాడు ట్యూబు ఒకటి మెల్లగా పైకి లాగి, తలకిందులుగా తిప్పి, బంగారు పిన్నులు చూపిస్తాడు.