కష్టం కాలేయానిది, కొబ్బరికాయ పసరుకు

రామగిరి ఖిల్లా మీద గడ్డిపోచ మొలిచినా మావాళ్లు దానికి ఎండీ పట్టా ఇచ్చేస్తారు. గుట్ట మీద ఔషధ మొక్కలున్న మాట నిజమే. ఆయుర్వేద విద్యార్థులు పనిగట్టుకుని వచ్చి చూసిపోతారు. కానీ చుట్టుపక్కల ఎవరికి కామెర్లు వచ్చినా, పోసే ప్రతి పసరూ ఆ గుట్ట మీంచే దిగిందంటారు. సీసా మీద పేరుండదు. ఏ ఆకో చెప్పరు. చెబితే గుణం పోతుందట!

తాగేవాడేమన్నా అమాయకుడా? బొగ్గుబాయిలో సర్దార్ గ్యాసు చూసి, పైకప్పు తట్టి, చప్పుడు విని సరేననేదాకా అడుగు ముందుకేయని మనిషి. డొల్ల చప్పుడొస్తే ఓవర్‌మన్‌తోనైనా కొట్లాడతాడు. ఆ మనిషే కళ్లు పచ్చబడగానే, గోదావరిఖనిలో సింగరేణి ఏరియా ఆస్పత్రి ఉండగా, తనకు అక్కడ పైసా ఖర్చు లేదని తెలిసి కూడా, పరగడుపున పసరు కోసం వరుసలో నిలబడతాడు.

ఇక పత్యం. నూనె బందు, కారం బందు, పసుపు మరీ బందు. పసుపు తింటే ఒంట్లో పసుపు పెరుగుతుందట. ఈ లెక్కన బాయిపని చేసేవాళ్ల రక్తం నల్లగా ఉండాలి. కామెర్ల పసుపు పోపులడబ్బాలోంచి రాదు. కాలం తీరిన ఎర్రకణాలు విరిగినప్పుడు పుట్టే బిలిరుబిన్ అది. దాన్ని పైత్యరసంలో కలిపి బయటికి పంపడం కాలేయం పని. ఆ పని కుంటుపడితే కళ్లలో తేలుతుంది. అలాంటప్పుడు సరిగా తినాల్సిన మనిషిని చప్పిడి మెతుకులతో ఎండబెడతాం. జీతాల రోజు తాగే సారా సీసాను మానడం మాత్రం పత్యంలో మూడు రోజుల ముచ్చటే.

కొందరు ఘనులు ఇంకో మెట్టు పైనుంటారు. రోగి చేతులకు ఏదో రసం రుద్ది, పళ్లెంలో తేటనీళ్లతో కడిగిస్తారు. నీళ్లు పచ్చబడతాయి. "చూసినవా, కామెర్లు ఎట్ల దిగుతున్నయో!" చుట్టూ ఉన్నవాళ్లు దండం పెడతారు. రుద్దింది మామిడి బెరడు రసం, పళ్లెంలో ఉన్నది సున్నపు తేట. కలెక్టరు చేతులు కడిగినా ఆ నీళ్లు పచ్చబడక మానవు.

మరి నయమైంది కదా అంటారు. అవును, అయింది. కలుషితమైన నీళ్లతో వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు చాలామందిలో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. బి, సి రకాలు పాతుకుపోతే కళ్ల పచ్చ పోయినా వైరస్ లోపలే మకాం వేసి, ఏళ్ల తర్వాత సిరోసిస్‌గానో క్యాన్సర్‌గానో బయటపడుతుంది. అప్పుడెవరూ పసరాయన్ని అడగరు. ఆయన ఖాతాలో ఆ మనిషి ఎప్పుడో బాగైపోయాడు.

నేల ఉసిరిని సైన్సు పట్టించుకోలేదని ఇంకో నింద. ఎందుకు పట్టించుకోలేదు? హెపటైటిస్ బి వైరస్ ఆచూకీ పట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గే మద్రాసు పరిశోధకులతో చేయి కలిపాడు. నేల ఉసిరి మందు తీసుకున్న 37 మందిలో 22 మందికి వైరస్ జాడ పోయిందని 1988లో 'లాన్సెట్'లో రాశారు. అందరికీ ఆశ పుట్టింది. తర్వాత జరిగిన ప్రయోగాల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు, ఆ సంగతీ దాచకుండా అచ్చేశారు. బ్లంబర్గ్ పుట్టినరోజైన జూలై 28నే మనం హెపటైటిస్ దినం జరుపుతాం. ఫ్లెక్సీ, ర్యాలీ, చౌరస్తాలో ఫొటో. ఫ్లెక్సీలో కాలేయం కన్నా నాయకుడి మొహం పెద్దది.

2018లో అదే తేదీన మొదలైన జాతీయ కార్యక్రమం కింద బి, సి రకాలకు పరీక్షలూ మందులూ ఉచితం. 1997లో మన హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ బి టీకాను సామాన్యుడికి అందే ధరకు దించింది. పుట్టిన బిడ్డకు మొదటి మోతాదు 24 గంటల్లోపు వేయించండి. కళ్లు పచ్చబడితే ఆ రోజే రక్తపరీక్షకు వెళ్లండి. గర్భిణి అయితే గంట కూడా ఆగొద్దు, ఇ రకం ఆమె ప్రాణాల మీదికి తెస్తుంది.