ద్వితీయావతారము: కుందుర్పి టీకా తాత్పర్య సహితము

అవతారిక. జేమ్స్ కామెరాన్ తీసిన ‘అవతార్: ద వే ఆఫ్ వాటర్’ 2022 డిసెంబరు 16న థియేటర్లకు వచ్చింది. తొలి అవతార్ వచ్చిన పదమూడేళ్ళకు. లోకమంతా తిరిగి 230 కోట్ల డాలర్ల పైచిలుకు వసూలు చేసుకుని, 2023 మార్చి 28 నుంచి అమెరికాలో కొనుక్కునేవాళ్ళ ఇళ్ళకు పోయి, చివరికి జూన్ 7న హాట్‌స్టార్‌లో తెలుగు మాటలతో మన ఇళ్ళలోకి దిగింది. ఆ మాటలు రాసినవారు అవసరాల శ్రీనివాస్. మృగశిర కార్తె గుమ్మంలో నిలబడి ఉన్న ఆ సాయంకాలం, కర్ణాటక సరిహద్దును ఆనుకున్న కుందుర్పిలో, కోట కొండ దిగువన ఒక అరుగు మీద ఈ కింది వాక్యం పుట్టిందని భావించి వ్యాఖ్యానిస్తున్నాను. కవి నామధేయం, కాలం, వంశం మొదలైనవి అడగవద్దు.

మూలం. “అవతార్ టూ ఫోన్లోకి వచ్చిండాదంట. వానొచ్చేలోగా చూసేద్దాం, రాండప్పా!”

టీక. అవతార్ టూ = రెండవ అవతారము. దశావతారాల్లో రెండవది కూర్మం. తాబేలు నీటి జీవి కనుక రెండో సినిమా నీటి కథ కావడం శాస్త్రసమ్మతం. అంతటితో ఆగలేదు. కూర్మం వీపు మీద మందర పర్వతాన్ని నిలిపి సముద్రాన్ని చిలికింది దేనికి? అమృతానికి. ఈ సినిమాలో పండోరా గ్రహానికి పోయిన మనుషులు తిమింగలం వంటి టుల్కున్‌లను వేటాడి, వాటి తలలోంచి ముసలితనాన్ని ఆపే ద్రవం తోడతారు. దాని పేరు కూడా అమృతే. ద్వితీయావతారం, సముద్రం, అమృతం మూడూ ఒకచోట కుదిరాయి. వాసుకి స్థానంలో ఈటె కట్టిన తాడు ఉంది. కామెరాన్ గారు ఇదంతా తెలిసే చేశారా అని అడిగితే, కవి ఊహించనిది కూడా చూడగలగడమే వ్యాఖ్యాత ఉద్యోగమని జవాబు.

శంక: అలాగైతే మొదటి సినిమా మత్స్యావతారం కావద్దా? అది అడవిలో నడిచెనే? సమాధానం: వరుస తప్పింది. 2025 డిసెంబరు 19న వచ్చిన మూడోది నిప్పును, బూడిదను పట్టుకుని వచ్చింది కానీ వరాహం జాడ లేదు. ఈ విషయంలో ఆయన్ను సమర్థించలేను.

ఫోన్లోకి = థియేటరులోకి కాదని భావం. థియేటరులో ఇది త్రీడీ. వసతి ఉన్న హాళ్ళలో చాలా ఘట్టాలు సెకనుకు 48 ఫ్రేముల చొప్పున నడిచాయి. ఇంటికి వచ్చేసరికి నల్లద్దాలు పోయాయి, ఫ్రేములు పాత 24కు దిగాయి, అంతెత్తు తెర అరచేతి మందమైంది. అగస్త్యుడు సముద్రాన్ని పుడిసిలిలో పట్టి తాగాడని పురాణం. కుందుర్పిలో సముద్రం పట్టింది ఎనిమిదో తరగతి పిల్లోడి పుడిసిలిలో. ఇక్కడ సముద్రమే ఫోను బ్యాటరీని తాగుతుంది. శబ్దం చాలలేదని ఫోనును స్టీలు గిన్నెలో నిలబెట్టారు. దీంతో అలల హోరు గిన్నెలో గింజలు పోసినట్టు వినబడిందని అవ్వ అంది. డాల్బీవారి అభిప్రాయం తెలియరాలేదు.

వచ్చిండాదంట = వచ్చినదట. ‘అంట’ అనే ముక్క వల్ల ఇది ప్రత్యక్ష ప్రమాణం కాదు, శబ్ద ప్రమాణం. శబ్దం బెంగళూరు నుంచి వచ్చింది. శెనక్కాయ పంట పోయిన ఏడాది ఇళ్ళకు తాళాలేసి బెంగళూరు బస్సెక్కే మండలం ఇది. అక్కడ సెంట్రింగు పనిలో ఉన్న అన్న చందా కట్టాడు, తమ్ముడికి పాస్‌వర్డ్ చెప్పాడు. ఫోనులో ఓటీపీ వస్తేనే ఓటీటీ తెరుచుకుంటుంది. ఇక్కడ ఒక్క హల్లు భేదంతో వచ్చిన శబ్దాలంకారాన్ని రసికులు గమనింతురు గాక.

చూసేద్దాం = సంపూర్ణంగా చూచెదము. అతిశయోక్తి. సినిమా నిడివి 192 నిమిషాలు, రోజువారీ ప్యాకు ఒకటిన్నర జీబీ. పగలు వీడియోలు కొన్ని చూసి ఉన్నారు కనుక కథ మధ్యలోనే చక్రం తిరగడం మొదలైంది. పూర్వార్ధం, ఉత్తరార్ధం అన్న విభజన ఎడిటరు చేసింది కాదు. అర్ధరాత్రి పన్నెండుకు కొత్త కోటా వచ్చాకే ఉత్తరార్ధం.

వానొచ్చేలోగా = వర్షాగమనమునకు పూర్వమే. వాక్యానికి ప్రాణం ఈ పదంలోనే ఉంది. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని జిల్లాలో, నీటి కథను నీరు రాకముందే చూడాలన్న తొందర ఎందుకు? ఎందుకంటే పదును తగిలిన మర్నాటినుంచి ఎవరికీ తీరిక ఉండదు. విత్తన శెనక్కాయలు మూటల్లో సిద్ధంగా ఉన్నాయి, గుంటక సిద్ధం, ఆకాశమే సిద్ధం కాలేదు. ఆ ఏడు నైరుతి కేరళను తాకింది జూన్ 8న, వారం ఆలస్యంగా. అంటే నీటి సినిమా నీటికంటే ఒకరోజు ముందే వచ్చింది. తరువాత సంగతి ఇంకా చిత్రం. 1901 నుంచి లెక్కలు చూస్తే దేశంలో అంత పొడిగా గడిచిన ఆగస్టు మరొకటి లేదన్నది వాతావరణ శాఖ. కనుక అరుగు మీది కవి అనవసరంగా తొందరపడ్డాడు. సినిమాను నాలుగుసార్లు చూసినా మిగిలేటంత తీరిక దొరికింది ఆ ఏడు.

పాఠాంతరం: కొన్ని అరుగుల మీద “వానొచ్చినాక చూద్దాం” అని వినబడుతుంది. అసంగతం. వానొచ్చినాక ఫోను చేలో టార్చిలైటుగా మాత్రమే వెలుగుతుంది.

రాండప్పా = రండి నాయనలారా. ఈ పిలుపు వల్ల ఇంటి సినిమాకూ థియేటరు సినిమాకూ మూలంలోనే భేదం పుట్టింది. థియేటరులో మూలం ఒక్కటే ఉంటుంది. నోరు మెదిపితే వెనకవాడు గదమాయిస్తాడు. ఇంట్లో ప్రతివాడూ ఒక మల్లినాథసూరి, పైగా మూలంలో లేనిది రాయరాదని ఆయన పెట్టుకున్న నియమం ఎవరికీ పట్టదు. నా మట్టుకు ఈ సినిమా ఇంటికొచ్చాకే పూర్తయిందనిపిస్తుంది.

చూడండి. కథానాయకుడు జేక్ సల్లీ అడవిని విడిచి పెండ్లాం బిడ్డలతో సముద్రపు జాతివాళ్ళ పంచన చేరతాడు. అక్కడి పిల్లలు వీళ్ళ సన్నతోకల్ని చూసి ఎగతాళి చేస్తారు. ఈ భాగం సాగదీతని థియేటర్లో ఆవులించినవాళ్ళున్నారు. అవ్వకు అన్నిటికంటే ముందు అర్థమైంది ఇదే. “ఊరిడిసి పోయినోళ్ళు గదా. ఇంగ ఆయప్ప యాడ పనికి కుదుర్తాడో” అంది. ఒంటి నీలం రంగును, చెవుల పొడుగును, తోకను ఆమె లెక్కచెయ్యలేదు. పెద్దకొడుకు బెంగళూరు పోయిన తొలినాళ్ళలో మనవణ్ణి అక్కడి బడిలో ఏమన్నారో ఆమెకు గుర్తుంది. యుద్ధం వచ్చినప్పుడు మాత్రం లేచి పొయ్యి చూసుకోను పోయింది. యుద్ధం అన్ని సినిమాల్లోనూ ఉండేదేనట.

తాత వ్యాఖ్యానం వేరు దారి. ఈ నీళ్ళు నిజమైనవా అని ఆయన ప్రశ్న. మనవడు అప్పటికే చదివి ఉన్నాడు: మన్హాటన్ బీచ్ స్టూడియోలో 9 లక్షల గ్యాలన్ల తొట్టి కట్టి తీశారు. పైదీపాల వెలుగు లోపలికి దిగి, కదలికలు పట్టే కెమెరాలను తికమక పెట్టకుండా నీటిమీద తెల్లటి చిన్న బంతులు పరిచారు. గ్యాలన్లు తాతకు తెలియవు. లీటర్లలోకి మారిస్తే 34 లక్షలు. ఎండాకాలంలో ఊళ్ళకు తోలే 5 వేల లీటర్ల ట్యాంకరుతో అయితే 680 దాకా తోలాలి. తాత కాసేపు మాట్లాడలేదు. తరువాత, “షూటింగైనాక ఆ నీళ్ళేం జేసినారో కనుక్కో” అన్నాడు. మనవడు వెతికాడు, దొరకలేదు. దృశ్యమాయకు దీనికి ఆస్కారిచ్చారని, అదే రోజు అదే వేదిక మీద మన ‘నాటు నాటు’కూ ఇచ్చారని చెప్పి మాట మార్చాడు.

తాత మాట మారనివ్వలేదు. సముద్రపు జాతివాళ్ళు జేక్ పిల్లలకు నీటి కింద ఊపిరి బిగబట్టడం నేర్పే ఘట్టం వచ్చింది. ఇక్కడ ఒక చారిత్రక విశేషం చెప్పాలి. తాత తరానికి ఈత నేర్పింది చేలలోని దిగుడు బావులు. నడుముకు బెండ్లు కట్టి తోసేవారు, తేలినవాడు నేర్చుకున్నట్టే. ఆ బావులు ఎండి వాటి పక్కన వందల అడుగుల బోర్లు దిగాయి. బోరులోంచి నీళ్ళొస్తే రావచ్చు, ఈత రాదు. ఆ ఇంట్లో ఈత వచ్చిన చివరి మనిషి తాతే. కనుక ఆ ఘట్టంలో ఆయనే గురుపీఠం ఎక్కి, కాలు అట్లా కాదు, ఇట్లా ఆడించాలని మంచం మీద బోర్లా పడుకుని ఫోనులోని నీలి పిల్లలకు తప్పులు దిద్దాడు.

మనవడు ఊరుకోక, ఈ సినిమా కోసం కేట్ విన్‌స్లెట్ 7 నిమిషాలకు పైగా నీళ్ళలో ఊపిరి బిగబట్టిందని చదివి వినిపించాడు. అదేమంత, పడమటి చేని బావిలో తాను అంతకు రెట్టింపు ఉండేవాణ్ణన్నాడు తాత. ఈ వాక్యం ప్రక్షిప్తమని అవ్వ వంటింట్లోంచి తీర్మానించింది.