ఖడ్గలక్ష్మి

ఇప్పుడు ఏ అపార్ట్‌మెంట్‌లో చూసినా కనీసం ఒక ఖడ్గలక్ష్మి ఉంటోంది. బారసాల నాడు పెట్టిన పేరు హారికో, శ్రావ్యో అయి ఉంటుంది. వయసు పదిహేడు నుంచి ముప్పై అయిదు దాకా ఎంతైనా కావచ్చు. ఆమె చదివే పుస్తకాల మీద ‘యంగ్ అడల్ట్’ అని ఉంటుంది గానీ, ఆధార్ కార్డు అడిగి అమ్మే షాపు ఇంతవరకూ లేదు.

మా కింది వాటాలో ఉండే ఖడ్గలక్ష్మి పగలు రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తుంది, రానూపోనూ రాజ్యాలు కూలుస్తుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కిందంటే అమీర్‌పేటలో రైలు మారేలోపు ఒక దుష్టరాజు గద్దె దిగాల్సిందే. పక్కన నిలబడ్డవాళ్లు కాలు తొక్కితే మాత్రం “పర్లేదండీ” అని తనే సర్దుకుని నిలబడుతుంది. శౌర్యమంతా పుస్తకం లోపలే ఖర్చయిపోతుంది.

ఆమె పుస్తకాన్ని దూరం నుంచే పోల్చుకోవచ్చు. బరువులో లాప్‌టాప్‌కి తీసిపోదు. అట్ట మీద కిరీటమో, బాకో, రెండూనో ఉంటాయి. పేరులో ముందు ఒక దర్బారు, దాని వెనక రెండు వస్తువులు ఉండాలి. సారా జె. మాస్ 2015లో ‘ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్’ అని మొదలుపెట్టాక ముళ్లూ గులాబీలూ అయ్యాయి, పొగమంచూ ఆగ్రహమూ అయ్యాయి, ఆ తర్వాత మరికొన్ని జతలు వచ్చాయి. వరసగా పేర్చిన ఆ పేర్లు చదివి వాళ్లమ్మగారు, “ఉప్పూ పప్పూ రాసుకున్న చీటీలా ఉందే” అన్నారు.

లోపల మొదటి పేజీలో మ్యాప్ ఉంటుంది. ఉత్తరాన మంచు, దక్షిణాన ఎడారి, మధ్యలో నది, దాని ఒడ్డున ఒక పూటకూళ్ల ఇల్లు. ఆ ఏడు రాజ్యాల సరిహద్దులూ ఖడ్గలక్ష్మికి కంఠతా వచ్చు. మల్కాజ్‌గిరిలో ఉన్న సొంత పిన్ని ఇంటికి వెళ్లాలంటే మాత్రం లొకేషన్ పంపమంటుంది.

గదిలో బీరువా కంటే ఎత్తయిన షెల్ఫ్ ఉంది. పుస్తకాలు ఇంద్రధనుస్సు వరసలో, రంగుని బట్టి సర్ది ఉంటాయి. కొన్నింటి అంచులకి కూడా రంగు అద్ది ఉంటుంది. అవి చదవడానికి కాదు, ఉంచుకోవడానికి. చదవడానికి వేరే కాపీ ఉంది. ఎవరైనా పుస్తకం అప్పు అడిగితే ముందు చేతులు కడుక్కొచ్చారో లేదో చూస్తుంది, తర్వాత వీపు విరవకుండా చదువుతామని మాట తీసుకుంటుంది, చివరికి ఇవ్వదు.

ఆమె జీవితంలో పెద్ద విషాదం ప్రేమ వైఫల్యం కాదు. అయిదు భాగాల సిరీస్‌లో మూడో భాగానికి పబ్లిషరు కవర్ డిజైన్ మార్చేశాడు. ఎత్తు కూడా తగ్గింది. పాత కవర్ల కోసం ప్రతి ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ గాలిస్తుంది. అక్కడ మొదటి భాగం దొరుకుతుంది, రెండోది దొరుకుతుంది, మూడోది ఎప్పుడూ దొరకదు. దొరికిన రోజున మొదటి పేజీలో ఎవరో “హ్యాపీ బర్త్‌డే బంగారం” అని పెన్నుతో రాసి ఉంటారు.

ఇంట్లో భాష కూడా వేరుపడింది. మొన్నొక రాత్రి అన్నాల దగ్గర కంచంలో చెయ్యి పెట్టి కదలకుండా కూర్చుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“ఏమైందమ్మా?” అన్నారు నాన్నగారు.

“నా ఓటీపీ పోయింది నాన్నా.”

ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు. చేతిలో ముద్ద జారిపోయింది. “ఎవడికి చెప్పావు? ముందు కార్డు బ్లాక్ చెయ్యి!”

“కార్డు కాదు నాన్నా! వాళ్లిద్దరూ విడిపోయారు. రెండో భాగంలో ఆమె ఇంకొకతణ్ణి ఇష్టపడింది.”

పాఠకురాలు తన మనసులో ముడిపెట్టేసుకున్న జంటని వాళ్ల లోకంలో ఓటీపీ అంటారని ఆయనకి అర్థమయ్యేసరికి పెరుగన్నంలోకి వచ్చారు. అర్థమయ్యాక కూడా ఆయన సలహా మారలేదు. “ఏదైనా సరే, ఎవరికీ చెప్పకు.”

ఖడ్గలక్ష్మి లెక్కలో కథానాయికలు రెండే రకాలు. కత్తి పట్టినవాళ్లు, పట్టబోతున్నవాళ్లు. వంట చేసే నాయిక అయితే అందులో విషమైనా కలపాలి. కుట్టుపని చేసే నాయిక సూదిని దేనికో ఒకదానికి దాచి ఉంచాలి. ఏడవచ్చు గానీ ఒకసారే, అదీ వర్షంలో. టమోరా పియర్స్ 1983లో సృష్టించిన అలానా అబ్బాయి వేషం వేసుకుని యుద్ధవిద్య నేర్చుకుందనీ, రాబిన్ మెకిన్లీ రాసిన డ్రాగన్‌ని చంపే రాకుమారి కథకి 1985లో న్యూబెరీ పతకం వచ్చిందనీ ఆమెకి తారీఖులతో సహా తెలుసు. గ్యాస్ ఎప్పుడు బుక్ చేశామో తెలియదు.

రాకుమారుడి విషయంలో ఆమె సిద్ధాంతం ఇంకా స్పష్టం. రాకుమారుడు అక్కర్లేదు. కానీ ఉండాలి. నూట యాభయ్యో పేజీ దగ్గర నల్లబట్టల్లో రావాలి. కాపాడటానికి చెయ్యి చాపాలి, ఆమె వద్దనాలి, అతను చాపిన చెయ్యి అలాగే ఉంచాలి. వయసు అయిదొందల ఏళ్లు, చూడటానికి పాతికేళ్లు. ఈ చివరి మాట చెవిన పడగానే వాళ్లమ్మగారు పోపు వదిలేసి వచ్చారు.

“అయిదొందల ఏళ్లా? ఏడేళ్లు తేడా అని మొన్న కాకినాడ సంబంధం వద్దన్నావు కదే!”

ఆ తర్వాత వచ్చిన సంబంధం వయసు దగ్గర కుదిరింది. పెళ్లిచూపుల్లో ఇద్దర్నీ బాల్కనీలోకి పంపారు. అబ్బాయి మర్యాదగా హాబీలేమిటని అడిగాడు. “ముసలి మంత్రగత్తెలకి న్యాయం జరిగిన పాతకథలు” అంది. అతను తడబడి, తనకీ పుస్తకాలు ఇష్టమే అన్నాడు. “చదువుతూ ఆపేస్తే పేజీ మడుస్తారా, గుర్తు పెడతారా?” అతను నిజాయితీపరుడు. “బోర్లా పెడతానండీ” అన్నాడు. లోపల పెద్దవాళ్లు స్వీట్లు తింటూ ఉండగానే బాల్కనీలో సంబంధం చెడింది.

అదే ఖడ్గలక్ష్మికి ఇంట్లో ఒక బలహీనత ఉంది. గెయిల్ కార్సన్ లెవిన్ 1997లో రాసిన ‘ఎల్లా ఎన్‌చాంటెడ్’లో సిండ్రెల్లాకి పుట్టినప్పుడే ఒక దేవత వరం ఇస్తుంది. ఎవరు ఏం చెయ్యమన్నా చేసి తీరాలి, అదే వరం. ఎల్లా దాన్ని వదిలించుకోవడమే కథ. ఇది తన ఆత్మకథే అని ఖడ్గలక్ష్మి ఆవేశంగా చెబుతూ ఉండగా వంటింట్లోంచి “ఆ పాలు చూడవే!” అని వినిపించింది. చెబుతున్న వాక్యం మధ్యలో ఆపి, వెళ్లి, పాలు దించి, వచ్చి, మిగతా సగం వాక్యం చెప్పింది.

అసలు ఈ పుస్తకాలకి గట్టి విమర్శకురాలు ఆ వంటింట్లోనే ఉంది. మోకాలి నొప్పితో వారం మంచం మీద ఉన్నప్పుడు వాళ్లమ్మగారు కాలక్షేపానికి కూతురి షెల్ఫ్ మీద పడ్డారు. మొత్తం చదవలేదు. ఒక్కో పుస్తకంలో ఒకే విషయం వెతికారు. వారం చివర తేల్చారు.

“ఏమే, వీటిలో ఒక్క అమ్మా నాలుగో పేజీ దాటదేం?”

నిజమే. గ్రిమ్ సోదరుల సిండ్రెల్లా తల్లి మొదటి వాక్యంలోనే మంచం పట్టింది. స్నో వైట్ తల్లి సూది గుచ్చుకుని, బిడ్డని కోరుకుని, కని, పోయింది. ఎల్లా తల్లి ఆరంభంలోనే జబ్బుపడి పోయింది. ముళ్లూ గులాబీల నాయికకైతే తల్లి కథ మొదలవకముందే లేదు. మరిస్సా మేయర్ 2012లో రాసిన ‘సిండర్’లో నాయిక సగం మనిషీ సగం యంత్రమూ, యంత్రాలు బాగుచేసే మెకానిక్కు. రాజమందిరం మెట్ల మీద గాజుచెప్పుకి బదులు ఏకంగా తన యంత్రపు పాదమే వదిలేసి వస్తుంది. అంత దూరం ఆలోచించిన రచయిత్రి కూడా ఇంట్లో సవతి తల్లినే పెట్టింది.

“అది సింబాలిక్ అమ్మా. నాయిక స్వతంత్రంగా ఎదగాలి కదా!”

“సింబాలికూ లేదు, ఏమీ లేదు. తల్లి బతికుంటే పదహారేళ్ల పిల్లని అర్ధరాత్రి అడవిలోకి పంపుతుందా? ‘ముందు అన్నం తిను, తోడుగా బాబాయి వస్తాడు’ అంటుంది. కథ అక్కడే ఆగిపోతుంది. అందుకని ముందే చంపేశారు.”

ఖడ్గలక్ష్మి పాండిత్యం బయటికి తీసింది. 1812లో గ్రిమ్ సోదరులు మొదటిసారి అచ్చేసినప్పుడు స్నో వైట్‌ని చంపించబోయింది సొంత తల్లేననీ, 1819 ముద్రణలో ఆ తల్లిని సవతి తల్లిగా మార్చేశారనీ చెప్పింది. వాళ్లమ్మగారు కాసేపు ఆలోచించి, “వాళ్లకీ ఇంట్లో అమ్మ ఉండే ఉంటుంది, చదివి చీవాట్లు పెట్టి ఉంటుంది” అన్నారు.

ఇంకో దెబ్బ డిసెంబరులో తగిలింది. ఎన్టీఆర్ స్టేడియంలో పుస్తక ప్రదర్శన నుంచి ఖడ్గలక్ష్మి ‘ది లిబరేషన్ ఆఫ్ సీత’ కొనుక్కొచ్చింది. సీత శూర్పణఖనీ, అహల్యనీ, రేణుకనీ, ఊర్మిళనీ కలిస్తే ఏమవుతుందన్న కథలు. రాత్రంతా చదివి పొద్దున్నే, “అమ్మా, నువ్వు ఇలాంటివి చదవాలి, నీ ఆలోచన మారుతుంది” అంది. వాళ్లమ్మగారు లేచి వెళ్లి, బీరువాలో పట్టుచీరల అడుగు నుంచి ఆ పుస్తకానికి తెలుగు మూలమైన ఓల్గా ‘విముక్త’ తీసి బల్ల మీద పెట్టారు. 2015లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చినప్పుడే చదివేశారట. పేజీల మధ్య పాల బిల్లు గుర్తుగా ఉంది. కూతురు అవాక్కయింది, పాల బిల్లుకి కాదు, పేజీ మడవనందుకు.

ఆ సంక్రాంతికి నాయనమ్మ తెనాలి నుంచి వచ్చింది. వరండాలో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ ఊర్మిళాదేవి నిద్ర పాట అందుకుంది. మరిచిపోయిన చోట ఆపదు, కథగా చెప్పేసి మళ్లీ పాటలో కలుస్తుంది. మొగుడు అన్న వెంట అడవికి పోతే పద్నాలుగేళ్లు నిద్రపోయిన పిల్ల అని వినగానే ఖడ్గలక్ష్మి ఫోన్ పక్కన పెట్టింది.

“లక్ష్మణుడు వచ్చి ముద్దు పెట్టి లేపాడా?”

“ముద్దేమిటే నీ మొహం! నిద్ర కళ్లతో చూసి, ‘ఎవరయ్యా నువ్వు, పరాయి ఆడదాని గదిలోకి ఎలా వచ్చావు’ అని దులిపేసింది. ఇంద్రుడికి పట్టిన గతి గుర్తుచేసింది. మా నాన్న జనకుడికి తెలిస్తే నీ సంగతి చెప్తాడంది.”

గ్రిమ్ వారి నిద్రసుందరి నూరేళ్ల తర్వాత ముద్దుకి లేచి, ఎదురుగా ఉన్న కుర్రాణ్ణి ఆప్యాయంగా చూస్తుంది. ఎవరని అడగదు. ఖడ్గలక్ష్మికి ఒళ్లు జలదరించింది. ఆడవాళ్లు తమలో తాము పాడుకునే పాటలో ఇన్ని తరాలుగా ఇది ఉందా! సింగిల్ పుస్తకమా, సిరీసా అని అడిగింది. నాయనమ్మ చిక్కుడుకాయలు లెక్కపెట్టినట్టు చెప్పింది. లక్ష్మణదేవర నవ్వు ఉంది. సీత గడియ ఉంది. అందులో రాముడు అలిగి గడియ వేసుకుంటే కౌసల్య వచ్చి కొడుకుని మందలించి తీయిస్తుంది. శూర్పణఖ సన్యాసిని వేషంలో వచ్చి సీత చేత రావణుడి బొమ్మ గీయించే కథా ఉంది.

“మధ్యలో కవర్లు మార్చారా?”

“నోట్లో ఉన్నదానికి కవరేమిటే!”

ఆ రాత్రే ఖడ్గలక్ష్మి రచయిత్రి అయింది. మూడు భాగాల నవల. ఊర్మిళ నిద్రపోదు, కత్తి పట్టి అడవికి వెళుతుంది. మ్యాప్ ముందే గీసింది. వాళ్లమ్మగారు ఒకే షరతు పెట్టారు. తల్లి చావకూడదు.

మొదటి అధ్యాయం బ్రహ్మాండంగా నడిచింది. రెండో అధ్యాయంలో ఊర్మిళ అర్ధరాత్రి కత్తి తీసుకుని కోట గోడ దూకబోతూ ఉండగా తల్లి లేచింది. ఎక్కడికని అడిగింది. చలిగాలి తగులుతుంది, శాలువా కప్పుకోమంది. దారిలో తినడానికి పులిహోర కలిపిస్తానని పొయ్యి వెలిగించింది. పులిహోర చల్లారేసరికి తెల్లారింది. నవల నెల రోజులు అక్కడే ఆగింది. చంపడానికి చేతులు రాక, చివరికి ఖడ్గలక్ష్మి ఆ తల్లిని కాశీయాత్రకి పంపించేసింది.

నాన్నగారు అప్పుడే హెచ్చరించారు. “కాశీ దారి అంటే ఆషామాషీ కాదమ్మా. మధిర సుబ్బన్న దీక్షితులు గారు మజిలీ మజిలీకీ కథ చెప్పిస్తూ పన్నెండు భాగాలు రాశారు.” అన్నంతా అయింది. మొదటి మజిలీలోనే ఆ తల్లికి ఒక దొంగల ముఠా తగిలింది. ఆవిడ వాళ్లకి వండిపెట్టి, నాయకుణ్ణి చీవాట్లు పెట్టి, వాడి పెళ్లి కుదిర్చి, గుర్రం పుచ్చుకుని ముందుకి సాగింది. ఇప్పుడు ఆరో మజిలీలో ఉంది. మెట్రోలో రాసిన పేజీలని ఖడ్గలక్ష్మి రాత్రి వరండాలో చదివి వినిపిస్తోంది. నాయనమ్మ తిరుగు ప్రయాణం రెండుసార్లు వాయిదా వేసుకుంది, నేనూ తొమ్మిదింటికల్లా కిందికి దిగుతున్నాను. కాశీ ఇంకా చాలా దూరం ఉండాలని అందరి కోరిక.

వాళ్లమ్మగారికి ఒక్కరికే తృప్తి లేదు. నిన్న చదవడం అయిపోగానే అడిగారు:

“అంతా బాగుంది గానీ, అక్కడ ఆ పిల్లని కత్తి ఇచ్చి గోడ మీద కూర్చోబెట్టి ఎన్నాళ్లయింది? పులిహోరైనా తిందా, లేదా?”