గీత ముదిరిందా కోడలా?

ఇక బళ్ళారిలో పిల్లల్లేని ఇల్లే ఉండదట. ఫోను తెరిస్తే అదే రీలు. ఇంట్లోనే, గుట్టుగా, డాక్టరు మొహం చూడకుండా సంతానం! డబ్బాలో స్ట్రిప్పులు, కప్పు, సూది లేని సిరంజి, ఏదో వేళ్ళ పొడి. ఒకరు కన్నడంలో ఊరిస్తారు, ఇంకొకరు తెలుగులో. సరిహద్దు జిల్లా కదా, రెండు భాషల జేబులూ తడమాలి.

పొడి సంగతి కొత్తదేం కాదు. 2015లో పుత్రజీవక్ అనే సంతాన గింజల పొట్లం మీద గొడవ రాజ్యసభ దాకా వెళ్ళింది. ఇప్పుడు అట్ట రంగు మారిందంతే. కొందరు దిండు కూడా అంటగడుతున్నారు, నడుం కింద పెట్టుకోవాలట. వీర్యకణాలు నిమిషాల్లోనే లోపలికి చేరతాయి, దిండు దారి చూపేదాకా ఆగవు.

స్ట్రిప్పును మాత్రం అంత తేలిగ్గా వదలను. అది చేసే పని చిన్నది. మూత్రంలో ఎల్‌హెచ్ అనే హార్మోను పెరిగిందా లేదా చూపుతుంది. పెరిగితే సాధారణంగా 24 నుంచి 36 గంటల్లో అండం విడుదలవుతుంది. మన ఇళ్ళలో మాత్రం దానిది జాతకచక్రం హోదా.

తెల్లారగానే కోడలు బాత్రూంలో ఫొటో తీస్తుంది. ఆ ఫొటో అత్తకు, అత్త నుంచి రాయదుర్గం ఆడబిడ్డకు, అక్కణ్ణుంచి గుంతకల్లు పెద్దమ్మకు.

“గీత ముదిరిందా?”

“లేదత్తా, ఇంకా లేతగానే ఉంది.”

“కిటికీ దగ్గర వెలుతుర్లో పెట్టి మళ్ళా తియ్యమ్మా.”

తీరా గీత ముదిరిన రోజున కొడుక్కి తోరణగల్లు స్టీలు ప్లాంటులో నైట్ షిఫ్టు. సూపర్‌వైజరును ఏమని సెలవడగాలి? మా ఇంట్లో గీతొచ్చింది సార్ అనా? మరుసటి నెల వారమంతా గీతలు ముదురుగానే ఉంటే ఇల్లంతా పండగ. పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య ఉన్నవాళ్ళకు ఎల్‌హెచ్ ఊరికేనే ఎక్కువ ఉండొచ్చనీ, ఆ గీతను నమ్మలేమనీ రీలు చెప్పదు. గర్భనాళాలు మూసుకుపోయినా స్ట్రిప్పుకు తెలియదు. మన దేశంలో క్షయ చప్పుడు లేకుండా చేసే పనుల్లో నాళాలు మూయడం ఒకటి.

సిరంజికి ఒక న్యాయం చేద్దాం. కలయికే కష్టమైన దంపతులు కొందరికి అది పనికొస్తుంది. మూసుకున్న నాళాన్ని తెరవదు, లేని కణాల్ని పుట్టించదు.

ఇంత హంగామాలో కొడుకుని ఎవరైనా ఒక్క వీర్య పరీక్షకు పొమ్మన్నారా? సంతానలేమి కేసుల్లో దాదాపు సగంలో మగవాడి వైపు కూడా కారణం ఉంటుంది. వృషణాలకు ఒంటి వేడి కంటే తక్కువ వేడి కావాలి, అందుకే అవి బయట ఉన్నాయి. మన మగవాళ్ళేమో కొలిమి పక్కన నిలబడతారు, జీన్స్ యూనిట్లలో ఆవిరి ఇస్త్రీ చేస్తారు, సండూరు ఖనిజం లారీల్లో పూటల తరబడి కూర్చుంటారు. అనుమానం ముందు అటు పోవాలి. పోదు. పోతే మగతనం పోతుందని భయం. ఈ డబ్బాలు అమ్ముతున్నది ఆ భయానికే కాపలా. అందుకే ఇంతగా అమ్ముడుపోతున్నాయి.

చట్టం మాత్రం తక్కువ తిన్నదా? మందుల అబద్ధపు ప్రకటనల్ని ఆపడానికి 1954లో చట్టం చేశారు. నయం చేస్తామని ప్రకటించకూడని జబ్బుల జాబితాలో స్త్రీల వంధ్యత్వం ఉంది. పురుషుల వంధ్యత్వం లేదు! ఉన్న దాన్నయినా ఎవరు అమలు చేశారు?

ఆసుపత్రంటే భయం జనానికి ఊరికే రాలేదు. 2024 చివర్లో మన జిల్లా ఆసుపత్రిలో సిజేరియన్లయిన బాలింతలు ఒకరి తర్వాత ఒకరు, మొత్తం ఐదుగురు పోయారు. ఆ భయానికి జవాబు చెప్పాల్సింది ప్రభుత్వం. దాన్ని సొమ్ము చేసుకునే హక్కు డబ్బాలవాడికి ఎవడిచ్చాడు?

డబ్బాకు పెట్టిన డబ్బు పోతే పోయింది. ఏడాది ప్రయత్నించినా నిలవకపోతే, ఆమెకు 35 దాటితే ఆరు నెలలకే, డాక్టరు దగ్గరికి పోవాలి. ఆ వయసు పిల్ల రెండేళ్ళు గీతలు చూస్తూ కూర్చుంటే ఆ రెండేళ్ళు ఎవడు తిరిగిస్తాడు? ఈలోపు ఆమెను సీమంతానికి పిలవరు, ఒడి నింపనివ్వరు. గొడ్రాలన్న మాట ఆమెకే. ఆయనకు అలాంటి మాట ఒక్కటీ అంటదు.

ఇంట్లోనే కావాలంటారా? ఉంది. ల్యాబువాళ్ళిచ్చే చిన్న డబ్బా. రెండు నుంచి ఏడు రోజులు వీర్యస్ఖలనం లేకుండా ఉండి, ఇంట్లోనే, గుట్టుగా, ఆయనే శాంపిల్ పట్టొచ్చు. చల్లబడకుండా చొక్కా లోపల పెట్టుకొని గంటలోపు ల్యాబులో ఇవ్వాలి. కౌల్ బజారు ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా గంట పట్టదు. ఖర్చు కొన్ని వందలు.

కోడలి చేతికి స్ట్రిప్పు ఇచ్చే ముందు కొడుకు చేతికి ఆ డబ్బా ఇవ్వండి. వాడు పోనంటే, ఇంకా విశేషం లేదా అని ఆ పిల్లను అడిగే నోరు ఆ ఇంట్లో ఎవరికీ ఉండకూడదు.