చర్మపు చొక్కాయి కొలతలు

మే నెలలో రెంటచింతల వైపు ఉజ్జీవ సభలు పెట్టేవారి భక్తిని మెచ్చుకోవాలి. రాళ్లు పగిలే ఎండలో అయ్యగారు కోటు తొడిగి, టై బిగించి, చెమటలో నిలువునా మునిగి, ఒంటిమీద నూలుపోగు లేని ఏదెను దంపతుల గురించి వాక్యం చెబుతారు. చెప్పి చెప్పి ఎక్కడ తేలతారంటే, ముందు వరసలో కూర్చున్న డిగ్రీ పిల్ల చుడీదారు చేతుల పొడవు దగ్గర.

ఆదికాండం రెండో అధ్యాయంలో ఇద్దరూ దిగంబరులే, ఇద్దరూ సిగ్గెరగరు. మూడో అధ్యాయంలో కళ్లు తెరుచుకున్నదీ ఇద్దరికే, అంజూరపు ఆకులు కుట్టుకున్నదీ ఇద్దరే. పల్నాటి ప్రసంగాల్లో మాత్రం ఆదాము లుంగీ ఎగ్గట్టి గట్టుమీద బీడీ కాలుస్తుంటాడు, ముసుగు సర్దుకునే పని హవ్వ ఒక్కదానిదే. పాతకాలపు వేదాంతి ఆగస్టీన్ మహాశయుడు ఈ సిగ్గుకు మూలం వెతికాడు. మనిషి దేవుడి మాట మీరాడు గనక మనిషి ఒళ్లు మనిషి మాట మీరుతోందని తేల్చాడు. ఆయన తప్పు తన ఒంట్లో వెతుక్కున్నాడు. మనవాళ్లు ఎదుటి పిల్ల చున్నీలో వెతుకుతున్నారు.

నాలుగో శతాబ్దంలో యెరూషలేము బిషప్పు సిరిల్, బట్టలు విడిచి బాప్తిస్మం పొందినవారిని సిగ్గెరగని ఆదాముతో పోల్చి మురిసిపోయాడు. ఇవాళ సాగర్ కుడికాలువలో తెల్లచీరతో మునిగి లేచిన ఆడమనిషికి తువ్వాలు అందించేవాడి కంటే ఫోను పట్టినవాడే ముందుంటాడు. యెషయా ప్రవక్త దేవుడి ఆజ్ఞ మీదే మూడేళ్లు బట్టల్లేకుండా తిరిగాడు. నరసరావుపేట సభకొస్తే గేటు దగ్గరే దుప్పటి చుట్టి ఆటో ఎక్కిస్తారు.

పందిట్లో మొలతాడొక్కటే కట్టుకుని పరిగెత్తే బుడ్డోణ్ణి చూడండి. ఏదెనులో ఇంకా కాపురముంటున్నది వాడొక్కడే. కొందరు బోధకులకు వాడి అమాయకత్వం ఆనదు, మొలతాడు ఆనుతుంది. అన్యాచారమట, తెంపాలట!

ఈ కొలతల హడావిడిలో ఒక్క వచనం జారిపోతుంది. తోటలోంచి పంపేముందు దేవుడు వాళ్లిద్దరికీ చర్మపు చొక్కాయిలు చేయించి తొడిగాడు. చేయించడమేమిటి, తానే చేశాడు. ఉపదేశం చెప్పి ఊరుకోలేదు, చేతుల పొడవు అడగలేదు, కూర్చుని తోలు పని చేశాడు.

ఆ తోలు పని చేసే కులాన్నే కదా మన ఊళ్లు వెలివేసింది! 1842లో గుంటూరొచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ దొర తర్వాత గురజాలలోనూ మకాం పెట్టి సంఘం నాటాడు. ఆ లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ, బాప్టిస్టుల్లో ఆ తోలు పని చేసే మాదిగలు ఎక్కువ. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిప్పించిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఉద్యమానికి తొలి అడుగు వేసిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ. ఏ సంఘమైనా, అందరూ కొలిచేది ఏదెనులో ఆ చొక్కాయిలు కుట్టినాయన్నే. మరి ఆయనే రేపు మాచర్లలో సంబంధం వెతుక్కుంటూ వస్తే, పనేమిటని అడిగాక, అయ్యగారూ, మీ సంఘంలో పిల్లనిచ్చేదెవరు?