గంగాలిన్‌కు మారుతున్నారా? మనవాళ్లు వద్దన్నవే చేయండి

కాన్‌బెర్రాకు ఉత్తరపు కొసన ఉన్న గంగాలిన్‌కు కాపురం మారుద్దామనుకునే తెలుగు కుటుంబానికి సలహాలకు కొదవ ఉండదు. వచ్చీ రాగానే ఇల్లు కొనేయండి, ఆలస్యమైతే ధర అందదు. నాలుగు బెడ్‌రూములకు తగ్గొద్దు, రేపు అమ్మానాన్నలు వస్తారు. తూర్పు వాకిలి చూసుకోండి. చెరో కారు లేకపోతే ఆ ఊళ్లో కాలు కదపలేరు. గ్యాస్ పొయ్యి ఉన్న ఇల్లే పట్టండి. మనవాళ్లు నలుగురున్న వీధి వెతుక్కోండి. చెప్పేవాళ్లంతా మన మేలు కోరేవాళ్లే. అయినా నేనిక్కడ రాసేవన్నీ వాటికి ఎదురు సలహాలు. మొదటిది ఇది: ఇంటిని చివర చూడండి. ఆ గుమ్మం దిగితే కాలినడకన ఎక్కడెక్కడికి వెళ్లగలరో ముందు చూడండి.

ఎందుకో తెలియాలంటే ఊరు పుట్టిన తీరు తెలియాలి. 1960ల చివర్లో కాన్‌బెర్రాకు ప్రణాళిక గీసినవాళ్లు నగరాన్ని ఒకే ముద్దలా పెంచకూడదనుకున్నారు. వై ఆకారంలో, దేని బజారు దానికి, దేని ఆఫీసులు దానికి ఉండేలా విడివిడి పట్టణాలు అనుకున్నారు. వోడెన్, బెల్కానెన్, టగరనాంగ్ ముందు లేచాయి. గంగాలిన్ వంతు 1991లో వచ్చింది. మొదటి సబర్బ్ పామర్‌స్టన్. ముప్ఫై ఏళ్లు తిరిగేసరికి, 2021 జనాభా లెక్కల్లో, జనం 87 వేలు దాటారు. కానీ ఇళ్లు వచ్చినంత జోరుగా ఆఫీసులు రాలేదు. ఆరోగ్య శాఖ వోడెన్‌లో, రక్షణ శాఖ రస్సెల్‌లో, సర్వీసెస్ ఆస్ట్రేలియా ఎక్కడో దక్షిణాన టగరనాంగ్‌లో ఉండిపోయాయి. అందుకే రోజూ పొద్దున ఊరు ఊరంతా దక్షిణానికే బయల్దేరుతుంది. ఇక్కడ మీ సంసారం సుఖంగా సాగుతుందా లేదా అన్నది గదుల లెక్క కన్నా ఆ పొద్దుటి ప్రయాణం మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

ఇల్లు చూడ్డానికి జూలైలో రండి. అందరూ వసంతంలోనో వేసవిలోనో చూడమంటారు. అప్పుడు పచ్చిక పచ్చగా ఉంటుంది, యెర్రాబీ చెరువు గట్టున పిల్లలు సైకిళ్లు తొక్కుతుంటారు, ప్రతి ఇల్లూ నచ్చుతుంది. నచ్చకపోవడానికే వెళ్లాలి. కాన్‌బెర్రాలో జూలై రాత్రుల సగటు కనిష్ఠం సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, చాలా రాత్రులు ఇంకా కిందికే దిగుతుంది. ఇన్‌స్పెక్షన్ ఏ శనివారం పదకొండింటికో పెడతారు. ఆపాటికి ఎండ వచ్చి ఇంటి గుట్టంతా దాచేస్తుంది. అంతకు ముందు రోజు పొద్దున ఏడున్నరకు ఆ వీధిలోకి వెళ్లి నిలబడండి. తలెత్తి కప్పులు చూడండి. ఇరుగుపొరుగు కప్పుల మీద మంచు తెల్లగా పరుచుకుని ఉండి, మీరు చూడబోయే కప్పు మీద మాత్రం అక్కడక్కడా కరిగి తడిసి ఉంటే, లోపలి వేడి పైనుంచి పోతోందన్నమాట. ఎండ తగలకుండా కరిగిన ప్రతి మచ్చకూ రేపు మీరే కరెంటు బిల్లు కట్టాలి. కిటికీలు చూడండి. లోపలి వైపు నీటి బొట్లు జారుతుంటే ఒంటి పొర అద్దం. ఆ నీళ్లు చట్రంలోకి దిగి, కర్టెన్ అంచుకు నల్ల బూజు పడుతుంది. పసిపిల్లలున్నవాళ్లు ఈ ఒక్క గుర్తు చూసి వెనక్కి తిరిగినా తప్పు లేదు.

ఇంటి ప్రకటనలో ఈఈఆర్ అని నక్షత్రాల అంకె ఒకటి ఉంటుంది. ఆ ఇల్లు వేడిని, చల్లదనాన్ని ఎంతమాత్రం నిలబెట్టుకుంటుందో చెప్పే అంకె అది. ఇల్లు అమ్మేటప్పుడు దాన్ని చెప్పి తీరాలని కాన్‌బెర్రాలో చట్టమే ఉంది. మనవాళ్లు ధర, గదులు, గ్యారేజీ చదివి ఆ అంకె దాటేస్తారు. మీరు దాన్నే ముందు చదవండి.

ఇక వాస్తు. కొందరికి కోపం వస్తుందని తెలిసే చెబుతున్నాను: తూర్పు వాకిలి కోసం వెతకడం మానేసి ఉత్తరపు కిటికీ కోసం వెతకండి. మన దేశంలో చలికాలపు ఎండ దక్షిణం వైపు నుంచి ఇంట్లోకి వస్తుంది. ఆస్ట్రేలియాలో సూర్యుడు నడిచేది ఉత్తరపు ఆకాశంలో. కాన్‌బెర్రాలో జూన్ నెలాఖరున మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతం నుంచి 31 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. అంత వాలుగా వచ్చే ఎండ ఉత్తరపు కిటికీలోంచి గది చివరి గోడ దాకా పడుతుంది. డిసెంబరులో అదే సూర్యుడు 78 డిగ్రీల దాకా లేస్తాడు, చూరు కాస్త ముందుకు ఉంటే చాలు ఆ ఎండ లోపలికి రాదు. చలికి వెచ్చన, వేసవికి చల్లన, పైసా ఖర్చు లేకుండా. మన పెద్దలు దిక్కులు చూసింది గాలీ వెలుతురూ కోసమే అయితే, ఈ అర్ధగోళంలో వాళ్లూ ఉత్తరాన్నే అడిగేవాళ్లని నా గట్టి నమ్మకం. పడమటి గోడకు పెద్ద కిటికీ ఉన్న ఇల్లు మాత్రం ఎంత చవకైనా వద్దు. 2020 జనవరి 4న కాన్‌బెర్రా విమానాశ్రయం దగ్గర 44 డిగ్రీలు నమోదైంది.

ఇక్కడే ఇంకో మాట. కొత్త సబర్బుల్లో స్థలాలు చిన్నవి, ఇళ్లు పెద్దవి. నల్ల కప్పు, చూరు లేని గోడ, కంచెకూ గోడకూ మధ్య మనిషి పట్టేంత సందు. మీ ఉత్తరపు కిటికీ ముందు పక్కవాళ్ల రెండంతస్తుల గోడ ఉంటే ఆ కిటికీ ఉన్నా లేనట్టే. ఖాళీ స్థలం పక్కన ఇల్లు తీసుకుంటే రేపు అక్కడ ఏం లేస్తుందో ఇవాళే ఊహించుకోవాలి.

రెండో కారు అమ్మేయండి. 2019 ఏప్రిల్ 20న గంగాలిన్ నుంచి సిటీలోని అలింగా స్ట్రీట్ దాకా ట్రామ్ మొదలైంది. 12 కిలోమీటర్లు, ఇరవై నాలుగు నిమిషాలు. ఫ్లెమింగ్‌టన్ రోడ్డు మీదుగా వెళ్తుంది. ఆ రోడ్డుకు ఒక పక్క ఫ్రాంక్లిన్, ఇంకో పక్క హారిసన్. ఈ రెండు సబర్బుల్లో స్టాపుకు పది నిమిషాల నడకలో ఉన్న మూడు గదుల టౌన్‌హౌస్‌ను, ఉత్తరపు అంచున టేలర్‌లోనో జాకాలోనో ఉన్న అయిదు గదుల ఇంటిని పక్కపక్కన పెట్టండి. మనవాళ్లలో నూటికి తొంభైమంది రెండోది తీసుకోమంటారు. నేను మొదటిదే అంటాను. రెండో కారు వాయిదా, ఇన్సూరెన్సు, రిజిస్ట్రేషను, పెట్రోలు, సిటీలో పార్కింగు కలిపి ఒక కాగితం మీద వేసుకోండి. ఆ మొత్తం ఏటేటా పోయేది, తిరిగి రానిది. పైగా చలికాలపు సాయంత్రాలు హార్స్ పార్క్ డ్రైవ్ మీద కంగారూలు ఉన్నట్టుండి అడ్డం వస్తాయి. ఆ చీకట్లో అలసిపోయి బండి నడపడం కన్నా ట్రామ్‌లో కూర్చుని పిల్లతో ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఇంటికి రావడం ఎంతో మేలు.

అమ్మానాన్నల సంగతి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే పెద్ద ఇల్లు కొనడానికి అందరూ చెప్పే కారణం వాళ్లే. వాళ్ల కోసం గది చూడకండి, స్టాపు చూడండి. ఆర్నెల్లు ఉండడానికి వచ్చిన పెద్దవాళ్లకు ఊరి చివర విశాలమైన గది, అటాచ్డ్ బాత్రూము, గోడంత టీవీ ఇచ్చి, ఉదయం ఎనిమిదింటికి అందరూ ఇల్లు వదిలి వెళ్లిపోతే, సాయంత్రం ఆరింటి దాకా ఆ మనిషికి వీధిలో ఒక్క ముఖం కనబడదు. ఊళ్లో రోజుకు నాలుగుసార్లు అరుగు మీదికి వచ్చి పదిమందిని పలకరించే మనిషి, ఇక్కడ చెత్తబుట్ట బయట పెట్టే రోజు కోసం ఎదురుచూస్తాడు. డ్రైవింగ్ రాదు, కొడుకును అడగడానికి మొహమాటం. మూడో వారానికి ‘టికెట్టు ముందుకు జరపడం వీలవుతుందా నాన్నా’ అంటాడు. పిల్లలేమో ఇంట్లో ఏం తక్కువైందని నొచ్చుకుంటారు.

అదే మనిషిని స్టాపుకు దగ్గర పెట్టండి. రెండుసార్లు తోడు వెళ్లి కార్డు ఎలా తాకించాలో చూపిస్తే చాలు. ఫ్రాంక్లిన్‌లో ఒక పెద్దావిడను చూస్తుంటాను. నేత చీర, పైన కొడుకుది కాబోలు పెద్ద కోటు, కాళ్లకు మేజోళ్లూ బూట్లూ. పదింటికల్లా నల్లర్‌బోర్ అవెన్యూ స్టాపులో ఎక్కుతుంది. ఇంగ్లిషు అక్షరాలు చదవడం రాదట, స్టాపులు లెక్కపెట్టుకుంటుంది. ఒకరోజు గంగాలిన్ బజారు, ఒకరోజు డిక్సన్. డిక్సన్‌లో చైనావాళ్ల కొట్లో ములక్కాడలు ఎప్పుడు వస్తాయో కోడలి కన్నా ఆవిడకే బాగా తెలుసు. వర్షం వస్తే గంగాలిన్ కాలేజీలో ఉన్న పబ్లిక్ లైబ్రరీలో వెచ్చగా కూర్చుంటుంది. ఆవిడ ఉండేది చిన్న గదే. తిరుగు ప్రయాణం మాట మాత్రం ఎత్తడం లేదు.

ఇంకోటి, వాళ్లను మే నెలలో పిలవకండి. మన దగ్గర ఎండలు మండుతాయి కదా, ఇక్కడ చల్లగా ఉంటుందని టికెట్లు తీస్తారు. మేలో దిగితే నేరుగా కాన్‌బెర్రా చలికాలంలో పడతారు, మూడు నెలలు హీటరు ముందు గడుస్తాయి. సెప్టెంబరులో రమ్మనండి. సెప్టెంబరు, అక్టోబరుల్లో కామన్‌వెల్త్ పార్కులో ఫ్లోరియాడ్ పూల పండుగ జరుగుతుంది. అలింగా స్ట్రీట్‌లో ట్రామ్ దిగి నడిచి వెళ్లొచ్చు. దసరా, దీపావళి మనవళ్లతో గడుస్తాయి.

కొనడానికి తొందరపడకండి. కనీసం ఒక చలికాలం అద్దెకు ఉండండి, రెండైతే మరీ మంచిది. ‘అద్దె డబ్బు బూడిదలో పోసిన పన్నీరే’ అనేవాళ్లకు ఉద్యోగాల సంగతి గుర్తు చేయండి. కాన్‌బెర్రా ఐటీ పనుల్లో పెద్ద వాటా ప్రభుత్వానిది. చాలా పోస్టులకు పౌరసత్వం, దాని మీద సెక్యూరిటీ క్లియరెన్సు అడుగుతారు. అవి చేతికి వచ్చేదాకా దొరికిన కాంట్రాక్టు ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తాలి. అది టగరనాంగ్ అయితే రోజూ నగరం ఈ కొస నుంచి ఆ కొసకు. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు పెట్టె సర్దుకుని మారగలరు. 491 వీసా మీద వచ్చినవాళ్ల సంగతి వేరే: అది తాత్కాలిక వీసా. 2025 ఏప్రిల్ 1 నుంచి 2027 మార్చి 31 దాకా తాత్కాలిక వీసావాళ్లు, కొద్ది మినహాయింపులు తప్ప, ఇదివరకే కట్టి ఉన్న ఇల్లు కొనకూడదని కేంద్రం నిషేధం పెట్టింది. సొంత ఇంటి ఆశతో అద్దె ఒప్పందం వదులుకునే ముందు ఈ విషయం లాయరుతో మాట్లాడాలి.

స్థలం 99 ఏళ్ల లీజే, సొంతం కాదని భయపెట్టేవాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు. కాన్‌బెర్రాలో ఇళ్ల స్థలాలన్నీ అంతే, లీజు పొడిగించుకునే వీలూ ఉంది.

బడి కోసం ర్యాంకులు చూసి ఇల్లు మార్చడం వద్దు. ప్రభుత్వ బడికి ఇంటి చిరునామాను బట్టి సీటు ఖాయం. ఎలాగూ 11, 12 తరగతులకు పిల్లలు వేరే కాలేజీకి మారతారు. నడిచి వెళ్లగలిగే బడే మంచి బడి.

మనవాళ్లున్న వీధి కోసం వెతకడం కూడా మానండి. తెలుగువాళ్లు ఎలాగైనా తారసపడతారు, బతుకమ్మకో ఉగాదికో పిలుపు దానంతటదే వస్తుంది. పేరున్న విష్ణు శివ మందిరం ఎలాగూ మాసన్‌లో, నగరానికి దక్షిణాన ఉంది. ఏ వీధిలో ఉన్నా అక్కడికి బండి కట్టాల్సిందే. పక్కింటి నేపాలీ కుటుంబంతో, ఎదురింటి పెద్దాయనతో మొదటి వారమే మాట కలపండి. ఆపదలో ముందు తలుపు తట్టగలిగేది వాళ్లదే.

పిల్లిని పెంచుకుంటే ఇంట్లోనే ఉంచాలి. ఫోర్డ్, బానర్ సబర్బుల పక్కనే మల్లిగన్స్ ఫ్లాట్ అడవి ఉంది. నక్కలూ పిల్లులూ దూరకుండా చుట్టూ కంచె వేసి, ఆ నేల మీద నుంచి ఎప్పుడో మాయమైన బెట్టాంగ్ అనే చిన్న జీవులను మళ్లీ తెచ్చి అందులో బతికిస్తున్నారు. సాయంత్రం పిల్లలను తీసుకెళ్లి చూపించండి.

ఇక వంటిల్లు. గ్యాస్ లేదని మంచి ఇల్లు వదులుకోకండి. 2023 డిసెంబరు నుంచి కాన్‌బెర్రాలో కొత్త ఇళ్లకు గ్యాస్ కనెక్షన్ ఇవ్వడం ఆపేశారు. 2045 నాటికి ఇళ్లలో గ్యాస్ వాడకమే లేకుండా చేయాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఇండక్షన్ మీద దోసె రాదన్న మాట నమ్మకండి. అడుగు చదునుగా ఉన్న ఇనుప పెనం అయితే చక్కగా వస్తుంది, కాకపోతే వేడి ఒక్కసారిగా పెంచకుండా మెల్లగా కాగనివ్వాలి. అల్యూమినియం గిన్నెలు, గుండ్రటి అడుగు మూకుళ్లు పనికిరావు. సామాను సర్దేటప్పుడు చేతిలో చిన్న అయస్కాంతం పెట్టుకుని ఒక్కో గిన్నె అడుగుకూ తాకించి చూడండి. అంటుకున్నవి పెట్టెలో పెట్టుకుని, మిగతావి చెల్లెలికి ఇచ్చేయండి.